వేపాకు రాలు కాలము

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి యిండని విద్యార్థి సంపాదకులు నన్ను కోరినప్పుడు, "ఏ విషయమును గూర్చి?" యని యడిగితిని. వారిలో నొకడు తల గోకికొనుచు, "వసంతం మీద రాయండి సార్. మాచేత ప్రతి ఏడూ రాయిస్తారుగా" యని బదులు చెప్పెను. తక్కినవారు నవ్విరి. ఆ నవ్వులో కొంచెము పగ కూడ కలిసియున్నట్లు నాకు తోచినది. పగ యుండుట న్యాయమే. ఇరువదియొక్క సంవత్సరములుగా మాఘమాసము సగము గడచునప్పటికి తొమ్మిదవ తరగతివారికి "వసంత ఋతువు" అను వ్యాసము నిచ్చుచున్నాను. నేను బాలుడనై యుండగా నాచేత వ్రాయించిరి; ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో దానినే మాదిరిపాఠముగా నాచేత చెప్పించిరి; ఇప్పుడు నేను ఇతరులచేత వ్రాయించుచున్నాను. కొన్ని కుటుంబములలో ఉబ్బసము వచ్చినట్లు ఈ వ్యాసము తరము వెంట తరమునకు సంక్రమించుచున్నది.

2025వ సంవత్సరము ఫిబ్రవరి మాసమునను ఇట్లే వ్యాసము నిచ్చి, 41 పుస్తకములను సంచిలో వేసికొని యింటికి తెచ్చి, రాత్రి భోజనమైన పిమ్మట దిద్ద గూర్చుంటిని. విద్యార్థులు నన్ను క్షమింతురు గాక, నిద్ర పట్టనివారికి ఆ దిద్దుబాటు మంచి మందు. ప్రతి పుస్తకమునను మామిడి చిగిర్చెను. ప్రతి పుస్తకమునను మల్లె పూచెను. ప్రతి పుస్తకమునను కోయిల కూసెను. కోయిల పంచమ స్వరమున పాడునని నేను తరగతిలో చెప్పినదానిని ఒకడు "పంచదార స్వరమున పాడును" అని వ్రాసెను. ఆ తప్పు దిద్దుటకు నాకు మన సొప్పలేదు. వేరొకడు మలయమారుతమును "మలయాళ మారుతము" గావించెను. ఎఱ్ఱ కలము పైకెత్తితిని గాని, మలయపర్వతమని కవులు చెప్పునది పడమటి కనుమల దక్షిణపు కొసను, మలయాళ దేశమును ఆనుకొనియే గదా యున్నదని తోచి, కలము దించి, వానికి అర మార్కు ఎక్కువ వేసితిని. "కోయిలమ్మ తీయగా పాడును" అన్నవారు ముప్పదిమందికి మించిరి. వారందరికిని, "పాడునది నల్లని మగకోయిల. ఆడుకోయిల గోధుమవన్నె మేన తెల్లని చుక్కలు గలది, కీచుమని యరచునే గాని పాడదు, కాకిగూటిలో గ్రుడ్లు పెట్టి పోవును" అని మిక్కిలి యోపికతో వ్రాసితిని. నా ప్రకృతిశాస్త్ర జ్ఞానమును నేనే మెచ్చుకొంటిని.

మా బందరువారికి మలయమారుతముతో నంతగా పరిచయము లేదను సంగతి మాత్రము నేనెన్నడును తరగతిలో చెప్పియుండలేదు. మాకు వీచునది సముద్రపు గాలి. గిలకలదిండి చేపల రేవు మీదుగా వచ్చు ఆ గాలిలో చందనపు వాసన కలదని చెప్పువాడు గొప్ప కవి యైనను కావలెను, జలుబు చేసినవాడైనను కావలెను.

ముప్పదితొమ్మిదవ పుస్తకమో, నలుబదియవదో సరిగా జ్ఞాపకము లేదు. అప్పటికి రాత్రి పదునొకండు గంటలైనది. అది ఒక బాలిక వ్రాసిన వ్యాసము; తొమ్మిది వాక్యములే. కన్నులు మూతలు పడుచుండగా నొక్కసారి చదివి, కోయిలకై వెదకి, ఎందును కానక, అడుగున ఎఱ్ఱ సిరాతో "విషయాంతరము. కోయిల ఏది?" అని వ్రాసి, పదింటికి మూడు మార్కులు వేసి, దీపమార్పి పండుకొంటిని. ఆమె యేమి వ్రాసినదో తెల్లవారునప్పటికి నాకు జ్ఞాపకము లేదు.

మా యూర పరాసుపేట, వలందపాలెము, ఇంగ్లీషుపాలెము అను పేటలు కలవు. పరాసులు పోయిరి, వలందులు పోయిరి, ఇంగ్లీషువారును పోయిరి. వారి పేటలలో ఆకులు మాత్రము ఏటేట రాలుచునే యున్నవి. అట్టి పేటలలో నొకదాని చివర మా యిల్లున్నది. నేను బడిలో చేరిన యేట మా నాయనగారు వాకిట నొక వేపమొక్కను నాటిరి. అది యిప్పుడు మా డాబాకంటె ఎత్తు. దాని నీడకు వీథియంతయు హక్కుదారులే. ఇస్త్రీబండి సాయిబుగారు ఉదయమునుండి రెండు గంటలవరకు దానిక్రిందనే యుందురు. ముంజల కాలమున ముంజలవాడు నిలుచును. ఎవరివో తెలియని రెండు కుక్కలు శాశ్వత నివాసము లేర్పరచుకొన్నవి. మాఘమాసము చివర ఆకు పసుపువన్నెకు తిరిగి రాల నారంభించును. ఒక కొమ్మ పండుటాకు రాల్చుచుండగనే ప్రక్క కొమ్మ రాగివన్నె చిగురు తొడుగును. ఆ చిగురును జూచి మురియుట నా పని. రాలినదానిని ఊడ్చుట మా యమ్మ పని. ఆకులు తమంతట తామే వాకిలి విడిచి పోవునని నేను తలచితినని కాదు. నలుబది యేండ్లలో ఆ సంగతి తలపనే లేదు.

ఫిబ్రవరి 20వ తేదీన మా యమ్మ కొత్త చింతపండు ఎండబోయుటకు పెరటిలోనికి పోవుచు, కుళాయి యొద్ద తడిరాతిపై కాలు జారి పడినది. కుడి మణికట్టు విరిగెను. వైద్యుడు సిమెంటుకట్టు వేసి ఆరు వారములు కదలింపరాదనెను. ఆమెకు 72 సంవత్సరములు. ఆస్పత్రినుండి వచ్చునప్పుడు దారిపొడవున కన్నీరు పెట్టుకొనుచుండగా నొప్పికి కాబోలునని నేను ఓదార్పబోతిని. "నొప్పి కాదురా. ఈ ఏడు వడియాలు పోయినట్టే" యనినది.

నా భార్య ఆస్పత్రిలో నర్సు. ఆ మాసములలో ఆమెకు రాత్రి పని; ఉదయ మెనిమిది గంటలకు ఇల్లు చేరును. కుమార్తె విజయవాడలో హాస్టలునం దుండి ఇంటరు చదువుచున్నది. కావున పనుల పంపకము సుళువుగనే తేలినది. "ఏమండీ, వంట నేను చూసుకుంటాను. వాకిలి మాత్రం మీదే" యని నా భార్య చెప్పెను. వాకిలి నాదే యని ఇంటి పత్రములలో నున్నదిగాని, అంత స్పష్టముగా నాకెవ్వరును చెప్పియుండలేదు.

మరునాడు ఏడు గంటలకు పంచె ఎగగట్టి, తలుపుమూల నున్న చీపురు తీసికొని రణరంగమునకు దిగితిని. నాలుగు వ్రేట్లు వేయునంతలో వసారాలో మంచముపై గూర్చున్న మా యమ్మ, "ఒరేయ్ అబ్బాయీ! అది ఇల్లు ఊడ్చే చీపురురా! వాకిలికి ఈనెల చీపురు" అని కేక వేసినది. ఇంటిలో రెండు విధములైన చీపురు లున్నవని నాకు నలుబదియారవ యేట తెలిసినది. కొబ్బరి యీనెల చీపురు పెరటిలో నుండగా తెచ్చి మరల నారంభించితిని.

వేపాకును ఊడ్చి యెరుగనివారికి దాని స్వభావము చెప్పవలెను. బాదమాకు విస్తరివంటిది, ఒక్క తోపుతో పోవును. వేపాకు అట్లు కాదు. రెమ్మ రాలునప్పుడే రెబ్బలు విడిపోవును. ఒక్కొక్క రెబ్బ చిన్న కొడవలివలె వంగి నేలను పట్టుకొనును. కొన్ని ఈనెల సందున దూరి చీపురుతోగూడ తిరిగి వచ్చును. నేను ముందునకు నెట్టిన ఆకులో సగము నా వెనుకకే చేరుచుండెను. మా యమ్మ సిమెంటుచేతిని దిండుపై ఆనించుకొని, ఎడమచేతితో దిక్కులు చూపుచు, పరీక్షహాలులో పర్యవేక్షకునివలె నన్ను కనిపెట్టుచుండెను. "ఆ మూల వదిలావు. తులసికోట లేదు కదా, ఆ గోడవారనెందుకు తప్పుకుంటావు? వంగరా, వంగితే అరిగిపోవు." కొంతసేపు ఊరకుండి, "మీ బళ్లో పిల్లలు ఇట్లా రాస్తే నువ్వెన్ని మార్కులేస్తావురా?" యని యడిగినది. నేను బదులు చెప్పలేదు.

ఆ దినమున మన విద్యార్థులలో మా వీథిగుండ పోనివాడు లేడని నా నమ్మకము. ఎన్నడును తలయెత్తి చూడనివారు సయితము "గుడ్ మార్నింగ్ సార్!" అని పిలిచి, నేను చీపురు కుడిచేతినుండి ఎడమచేతికి మార్చి బదులు చెప్పువరకు నిలిచి మరీ పోయిరి. ఎదురింటి పెద్దమనిషి, పింఛను పుచ్చుకొనుచున్న గుమాస్తాగారు, గేటుకడకు వచ్చి, "ఏం మాష్టారూ, పనిమనిషి రాలేదా?" యని పరామర్శించిరి. "రాలేదండి" యని చెప్పితిని. మా యింట పనిమనిషి యెన్నడును లేదు. లేనిది రాలేదనుట అబద్ధము కాదు గదా యని మనస్సును సమాధానపరచుకొంటిని.

ఒక ఆదివారము ఆరాధన సాయంకాలమునకు మారినందున ఎనిమిది గంటలవరకు నిద్రించి, తీరికగా ఊడ్చి, ఆకునంతయు చక్కని కుప్ప వేసి, గంపకొరకు పెరటిలోనికి పోతిని. గంప కనబడలేదు. వెదకి తెచ్చునప్పటికి పది దాటినది. అంతలో సముద్రపు గాలి లేచినది. నా కుప్ప కుప్పగానే పైకెగిరి, సగము మా వసారాలోను, సగము ఎదురింటి గుమాస్తాగారి అరుగుమీదను దిగెను. ఆయన ఆ సమయమున కాఫీ త్రాగుచుండిరి. చెప్పదగినంత మర్యాదతో ఆయన కాఫీలోనుండి ఆకులు తీసివేసికొని, "వేపాకు ఒంటికి మంచిదే లెండి" యనిరి.

మరునాడు తెల్లవారకముందే లేచితిని. చీకటి యింకను పూర్తిగ విడలేదు. నగరపాలక సంస్థ చెత్తబండి వీథిచివర నిలిచియున్నది. 1866లోనే పురపాలక సంఘ మేర్పడిన యూరు మాది. అప్పటినుండి ఈ వీథులను ఎవరో యొకరు ఊడ్చుచునే యుండవలెను. మెరయు పట్టెలుగల పైచొక్కా తొడిగికొన్న యొక స్త్రీ మా వీథి నూడ్చుచు వచ్చుచుండెను. ఆ చొక్కాను నేను ఎన్నో యేండ్లుగా చూచుచున్నాను. ముఖము నదే మొదటిసారి చూచుట. ఆమె మా గేటుకడ నిలిచి నా పనిని కొంతసేపు చూచి, ఇక సహింపలేక కాబోలు, "మాష్టారూ, గాలికి ఎదురు ఊడుస్తున్నారండీ" యనినది.

గాలియే లేదంటిని.

"ఉందండి. ఈ యేళప్పుడు నేల మీంచి సముద్రానికి పోతది. తెలవదంతే. పొద్దెక్కితే అటునుంచి ఇటు మళ్లుతది. ఆలోగా అవగొట్టుకోవాల."

పగటి యెండకు నేల వేడెక్కుటచేత సముద్రపుగాలి యొడ్డునకు వీచుననియు, రాత్రి నేల త్వరగా చల్లారుటచేత గాలి సముద్రమునకు మరలుననియు శిక్షణ కళాశాలలో చదివి, పరీక్షలో బొమ్మతోగూడ వ్రాసి, మంచి మార్కులు తెచ్చుకొన్నవాడను నేను. అది వేపాకునకు వర్తించునని నాకు తోచలేదు. ఆమె గేటు తీసికొని లోనికి వచ్చి చీపురు నందుకొనెను. చెంబెడు నీరు చిలుకరింపుమనెను. దూరపు మూలనుండి మొదలుపెట్టి గేటువైపునకు రావలెననియు, చీపురుతో కొట్టరాదు, లాగవలెననియు, నిండుగా పట్టుకొనక వాలుగా పట్టుకొనవలెననియు చూపెను. ఆమె నాలుగు లాగులలో చేసినది నేను అరగంటలో చేయజాలనని స్పష్టమైనది. వసారానుండి మా యమ్మ, "చూడరా, చూసి నేర్చుకో" యనినది.

"నాలుగింటినుంచి వంగే ఉన్నానండి. ఈ రెండు నెలలూ అంతే" యని చెప్పి ఆమె నడుము నిమురుకొనెను. పోబోవుచు వెనుకకు తిరిగి, "మా అమ్మాయి మీ దగ్గరే చదువుతోందండి, తొమ్మిదో తరగతి. మొన్న వ్యాసంలో ఏడు మార్కులు వేశారటగా! మా వీధంతా చెప్పానండి. తెలుగులో ఏడంటే మాటలా!" యనినది.

పేరడిగితిని. చెప్పినది. నాకు ఆ తరగతిలో ఏడు మార్కులు తెచ్చుకొన్నవారు జ్ఞాపకమునకు వచ్చిరి. ఆ పేరు వారిలో లేదు. నా యెఱ్ఱసిరా వ్రాసిన మూడంకెయు, దాని ప్రక్క "కోయిల ఏది?" అను ప్రశ్నయు కన్నుల యెదుట నిలిచెను. చీపురు చేత నుండగా మనిషికి పంతులు గాంభీర్యము తెచ్చుకొనుట కష్టము. "బాగుగ చదువునమ్మా" యంటిని. ఆమె సంతోషముతో బండి త్రోసికొని పోయెను.

ఆ బాలికను పిలిచి మాటలాడవలెనని ఆ పూటనే నిశ్చయించుకొంటిని. కాని పిలువలేదు. మార్చి మధ్యనుండి ఒంటిపూట బడులు వచ్చినవి. పదవ తరగతి పరీక్షలు వచ్చినవి. నాకు పర్యవేక్షణపు పని పడినది. తీరిక లేకుండుట ఉపాధ్యాయులకు ఎంత యుపకారము చేయునో విద్యార్థులకు తెలియదు. పరీక్ష జరుగు గదికి వెలుపల నొక కోయిల, అదియు మగకోయిలయే, రెండున్నర గంటలు విడువక కూసెను. లోపల వ్రాయువారు తలయెత్తలేదు. నేనొక్కడనే వింటిని; నాకది "ఏది? ఏది?" అన్నట్లు వినబడెను.

ఈలోగా ఊడ్చుటలో మాత్రము నాకు కొంత నేర్పు వచ్చినది. ఆ నేర్పే ఉగాదినాడు నా కొంప ముంచెను. విశ్వావసు నామ సంవత్సరాది 2025 మార్చి 30, ఆదివారము నాడు వచ్చినది. అప్పటికి ఆకు రాలుట ముగిసి, చెట్టు నిండ నూకలు చల్లినట్లు పూత నిలిచి, సందెవేళ వీథియంతయు తేనెవాసన కొట్టుచుండెను. మేము ఉగాది పచ్చడి చేసికొనము. ఐనను మా వీథివారి పచ్చళ్లలో చేదంతయు మా చెట్టుదే. ఏటేట ముందటి రాత్రి మా యమ్మ చెట్టుక్రింద పాత దుప్పట్లు పరచును. తెల్లవారునప్పటికి రాలిన పువ్వును ఇరుగుపొరుగువారు వచ్చి గిన్నెలలో తీసికొని పోవుదురు. ఆ యేడును నా భార్యచేత పరపించినది. నాకు తెలియదు. నాలుగున్నరకు లేచి, చీకటిలో, గాలి వాలు చూచుకొని, దూరపు మూలనుండి గేటువరకు ఆకు ముక్క మిగులకుండ ఊడ్చితిని. ఎవరో మరచిపోయిన దుప్పట్లు కనబడగా, వానిని గట్టిగా దులిపి, మడచి, వసారాలో పెట్టితిని. చెత్తబండి వచ్చినది, అంతయు అందులో పోసితిని. మా వాకిలి అంత శుభ్రముగా నెన్నడును లేదని గర్వపడుచు స్నానమునకు పోతిని.

ఆరు గంటలకు గుమాస్తాగారు వెండిగిన్నెతో వచ్చిరి. ఆయన వెనుక మరి నలుగురు స్త్రీలు పళ్లెములతో వచ్చిరి. వాకిలి అద్దమువలె మెరయుచున్నది. మా యమ్మ నావైపు చూచి, "దుప్పట్లేవిరా?" యనెను. "దులిపి మడతపెట్టానమ్మా" యని ఉత్సాహముగా చెప్పితిని. ఆ పిమ్మటి నిశ్శబ్దమును వర్ణించుటకు నాకు చేతగాదు.

ఆరాధనకు కట్టుకొన్న తెల్లపంచెతోడనే నిచ్చెన ఎక్కవలసివచ్చినది. ఇస్త్రీబండి సాయిబుగారు, మరునాడు రంజాను పండుగ గనుక ముందే వచ్చి బట్టల పనిలో నుండి, పని మాని నిచ్చెన పట్టుకొనిరి. గుమాస్తాగారు క్రిందనుండి, "ఆ కొమ్మ కాదండీ, పైది. పైది కాదు, దానికి ఎడమది" యని వెండిగిన్నెతో చూపుచుండిరి. చీమలు నా చొక్కాలో ప్రవేశించినవి. పంచె కొస ఒక మోటుకొమ్మకు తగులుకొని, నేనొకవైపునకు, పంచె యొకవైపునకు పోవు ప్రమాదము సంభవించగా సాయిబుగారు కన్నులు మూసికొని, "మీరు సర్దుకోండి మాష్టారూ, నేను చూడటం లేదు" అనిరి. గిన్నెలన్నియు నింపి, నేను గుడి చేరునప్పటికి రెండవ కీర్తన ముగిసినది. అయ్యగారు ప్రసంగము నడుమ పలుమారు నావైపు చూచుటచే, ప్రసంగము నన్ను గూర్చియే కాబోలునని తల వంచుకొంటిని. వెలుపలికి వచ్చిన పిమ్మట నా భార్య, "మీ తలనిండా పూలండీ" యని చెప్పినది. ఆ మధ్యాహ్నము ఐదిండ్ల పచ్చడి మా యింటికి వచ్చినది. మరునాడు సాయిబుగారి యింటినుండి సేమ్యా వచ్చినది. మా యమ్మ రెండింటిని ఎడమచేతితోనే తినుచు, నాతో రెండు దినములు మాటలాడలేదు.

ఏప్రిలు 3వ తేదీన సిమెంటుకట్టు విప్పిరి. ఇంకను కొన్ని దినములు బరువు లెత్తరాదని వైద్యుడు చెప్పెను. మరునాటి వేకువనే చీపురు చప్పుడు వినబడి లేచి చూడగా, మా యమ్మ ఎడమచేతితో, నేను ముందటి దినము ఊడ్చిన చోటనే మరల ఊడ్చుచున్నది. "ఆరు వారాల మురికిరా ఇది" యనెను. చీపురు లాగికొనబోతిని, ఇయ్యలేదు.

ఏప్రిలు 13వ తేదీ మట్టల ఆదివారము. పిన్నలు పెద్దలు మట్టలు పట్టుకొని పాడుచు వీథులవెంట ఊరేగి వచ్చితిమి. మలుపుకడ ఎందులకో వెనుదిరిగి చూచితిని. మేము నడచిన త్రోవ పొడవున మట్టలును, చీలిన ఆకులును పడియున్నవి. వాని చివర, ఊరేగింపునకు కొంచెము దూరములో, చెత్తబండి యొకటి మెల్లగా వచ్చుచున్నది. మా యూరేగింపు పుట్టినప్పటినుండి అది అట్లే వచ్చుచుండవలెను.

మంగళవారమున ఆ బాలికను ఉపాధ్యాయుల గదికి పిలిచి వ్యాసపుస్తకము తెమ్మంటిని. తెచ్చినది. ఆ పుట చింపివేయబడి యున్నది. బాలిక నేలను చూచుచు నిలిచెను. ఎందుకు చింపితివని నే నడుగలేదు. మూడు ఏడు కావలెనన్న వేరు దారి లేదు. "కోపపడనమ్మా. ఆ వ్యాసము మరల వ్రాసి తెమ్ము" అంటిని.

మరునాడు తెచ్చినది. రెండు పుటలు నిండుగ నున్నది. మామిడి చిగిర్చినది. మల్లె పూచినది. మలయమారుతము తప్పు లేకుండ వీచినది. నల్లని మగకోయిల పంచమ స్వరమున పాడినది. ఆడుకోయిల గోధుమవన్నె మేన తెల్లచుక్కలతో కాకిగూటిలో గ్రుడ్లు పెట్టినది. ఎవరి పుస్తకములోని నా యెఱ్ఱసిరాను చూచి యెత్తివ్రాసినదో, ఒక్క యక్షరము పొల్లుపోలేదు. ఏ పరీక్షలోనైనను తొమ్మిది మార్కులు తప్పక వచ్చును. నేను దానిని రెండుసార్లు చదివి చాలసేపు మాటలాడలేకపోతిని.

"మొదట వ్రాసినది జ్ఞాపకమున్నదా?" యని యడిగితిని.

"ఉందండి. కానీ అది తప్పు కదండి?"

చెప్పుమంటిని. చేతులు కట్టుకొని పద్యము అప్పగించినట్లు చెప్పినది. నేను వ్రాసికొంటిని. ఇదిగో, దిద్దక యిచ్చుచున్నాను:

"వసంత ఋతువులో ఆకులు రాలును. మా అమ్మ వీధులు ఊడ్చును. ఈ ఋతువులో అమ్మ మూడు గంటలకే లేచును. బాదం ఆకు పెద్దది కనుక గంప త్వరగా నిండును. వేప ఆకు చిన్నది కనుక చీపురుకు చిక్కదు. వసంతములో మా అమ్మ కుడి చేయి పైకి లేవదు. నేను కొబ్బరి నూనె రాసెదను. వర్షాకాలములో ఆకులు రాలవు గాని బురద ఉండును. కనుక మా అమ్మకు ఏ ఋతువు మంచిదో నాకు తెలియదు."

దీనిని మన సంచికలో వేయవచ్చునా యని యడుగగా, బాలిక కొంత యాలోచించి, పేరు వేయకున్న వేయవచ్చుననినది. అయితే తల్లికి నిజము తెలియవలెను గదా యంటిని. "మీరే చెప్పండి సార్, నాకు భయం" అని బ్రతిమాలెను. నాకును భయముగనే యున్నదని చెప్పలేదు.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఒక వేకువను గేటుకడ నిలిచి, ఆమె రాగానే జరిగినదంతయు చెప్పితిని: వేసినవి మూడనియు, ఏడు కావనియు, బిడ్డను కొట్టరాదనియు. ఆమె చీపురు బండిపై నుంచి, కొంగుతో ముఖము తుడుచుకొని, నావైపు చూచెను. కోపము లేదు.

"మూడేశారా? అబద్ధం రాసిందాండీ?"

"లేదమ్మా. అంతయు నిజమే."

"మరి?"

నేను చెప్పుదునేమో యని ఆమె కొంతసేపు నిలిచినది. పిమ్మట తెల్లవారుచుండుట చూచి, గాలి లేవకముందే బాదంచెట్టుగల యింటికి చేరవలెనని బండి త్రోసికొని పోయెను.